రియాద్‌లో ఏటా ఫహస్... ఆర్మూర్‌లో పదిహేనేళ్లకు ఒకసారి! పాత కార్ల ముందు చక్రాలను చూసేదెవరు?

రాత్రి పది దాటాక ఆర్మూర్ మామిడిపల్లి చౌరస్తాలో కాసేపు నిలబడండి. పాత కారు ఒకటి వస్తుంది. పైన క్యారియర్ మీద తాళ్లతో బిగించిన రెండు సూట్‌కేసులు, డిక్కీలో ఇంకో రెండు. లోపల అబ్బా, అమ్మీ, కొడుకు, కోడలు, ఒళ్లో ఇద్దరు పిల్లలు, సాగనంపడానికి వస్తున్న బావమరిది. తెల్లవారుజామున ఫ్లైట్ అన్నమాట. 44వ నంబర్ జాతీయ రహదారి మీద శంషాబాద్ దాకా దాదాపు రెండు వందల కిలోమీటర్లు పోవాలి. అందరూ దువా చదువుకుని బయల్దేరతారు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర "టక్" అని ఒక చప్పుడు. నడిపే వ్యక్తికి అది అలవాటైన చప్పుడే. పట్టించుకోడు.

ఆ కారు నంబర్ ప్లేట్ కూడా ఒకసారి చూడండి. ఏపీ 25 అని ఉంటే అది తెలంగాణ రాకముందు, అంటే 2014 జూన్‌కు ముందు రిజిస్టర్ అయిన బండి. ఎంత లేదన్నా పదకొండేళ్ల పైబడినదే. ఆర్మూర్, పెర్కిట్, బాల్కొండ, నందిపేట వైపు ఇప్పటికీ ఇలాంటివి ఎన్నో తిరుగుతున్నాయి. మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఇవే. కొత్త కారు కొనే స్తోమత అందరికీ లేదు. గల్ఫ్ నుంచి పంపిన డబ్బులో ఇల్లు, షాదీలు, చదువులు పోగా మిగిలిన దాంట్లో ఒక సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ పాత కార్ల మీద ప్రభుత్వాలు ఈ మధ్య చాలా మాట్లాడుతున్నాయి. కానీ మాట్లాడేదంతా వయసు గురించే. చప్పుడు గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

వయసుకు రుసుము పెరిగింది, చూపు పెరగలేదు

సొంత కారుకు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఈ రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం దాన్ని 5,000 చేసింది. 2025 ఆగస్టులో ఇంకో మెట్టు ఎక్కించి, 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేసింది. దీనికి తోడు రాష్ట్రంలో గ్రీన్ ట్యాక్స్ ఉండనే ఉంది. పాత బండి తుక్కుకు ఇస్తే కొత్త బండి పన్నులో తగ్గింపు ఇస్తామని స్క్రాపింగ్ పాలసీ కూడా తెచ్చారు. తెలంగాణలో అది ఇష్టం ఉన్నవాళ్లకే, బలవంతం లేదు. ఢిల్లీలో కథ వేరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద నిషేధం పెట్టి, దాని చుట్టూ ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. ఆ భయానికి అక్కడ చౌకగా అమ్ముడుపోయే బళ్లు ఎన్‌ఓసీ పట్టుకుని మిగతా రాష్ట్రాలకు చేరుతున్నాయి. లోపల సీట్లు మెరుస్తుంటాయి, ధర తక్కువ ఉంటుంది. కింద ఏముందో ఎవరూ వంగి చూడరు.

ఈ నిర్ణయాలన్నిటి వెనుక ప్రధానంగా ఉన్నది పొగ. పాత బండి పొగ ఎక్కువ వదులుతుంది కాబట్టి దాన్ని రోడ్డు మీద నుంచి మెల్లగా తప్పించాలి. ఆ వాదనలో నిజం ఉంది. కానీ ఆర్మూర్‌లో పాత కారులో కూర్చునే కుటుంబానికి పొగ కంటే ముందు వచ్చే ప్రమాదం ఇంకోటి ఉంది. అది ముందు చక్రాల కీళ్లు అరిగిపోవడం. పదివేలు ఫీజు కట్టించుకునే చేతికి, ఆ కీలును పట్టుకుని కదిపి చూసే తీరిక ఉండాలి కదా! సొంత కారుకు మన చట్టంలో మొదటి తనిఖీ పదిహేనో ఏట. రెండోది ఇరవయ్యో ఏట. మధ్యలో ఐదేళ్లు అల్లా దయ. అదే ఆటో, ట్యాక్సీ అయితే మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. వైట్ ప్లేట్ కారును కిరాయికి తిప్పేవాళ్లు ఈ తనిఖీని కూడా తప్పించుకుంటున్నారు. ఆ సంగతి కొంచెం తర్వాత మాట్లాడుకుందాం.

తుంటి కీలు లాంటిదే ఇది

బాల్ జాయింట్ అంటే ఏమిటో తెలియాలంటే ఇంట్లో దాదీమా తుంటి నొప్పి గుర్తు చేసుకుంటే చాలు. తొడ ఎముక చివర గుండ్రటి బంతి, దాన్ని పట్టుకున్న గిన్నె. అందుకే కాలు అన్ని వైపులకూ తిరుగుతుంది. కారు ముందు చక్రం కూడా అంతే. చక్రాన్ని పట్టుకున్న భాగాన్ని నకుల్ అంటారు. ఛాసిస్ నుంచి వచ్చే ఇనుప చేయి లోయర్ ఆర్మ్. ఈ రెండింటినీ కలిపేది ఒక ఉక్కు బంతి, దాని గిన్నె. చక్రం గుంతలో పైకీ కిందకీ ఊగాలి, స్టీరింగ్ తిప్పితే పక్కకూ తిరగాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేయించేది ఆ బంతే. గిన్నెలో గ్రీజు ఉంటుంది, పైన రబ్బరు టోపీ ఉంటుంది.

ఆ టోపీ చిరిగిన రోజే అసలు జబ్బు మొదలవుతుంది. గ్రీజు బయటికి పోతుంది, నీళ్లు, దుమ్ము లోపలికి వస్తాయి. ఇసుక కలిసిన గ్రీజు అంటే గరుకు కాగితమే. బంతి అరుగుతుంది, గిన్నె వదులవుతుంది, "టక్ టక్" మొదలవుతుంది. చివరికి ఒక రోజు బంతి గిన్నెలోంచి ఊడి వచ్చేస్తుంది. చక్రం కింది భాగాన్ని పట్టుకునేది ఏదీ మిగలదు. టైరు పక్కకు ఒరిగి మడ్‌గార్డు కింద ఇరుక్కుంటుంది, కారు ముందు భాగం నేలకు కూలబడుతుంది. బ్రేక్ పైపు తెగొచ్చు. స్టీరింగ్ తిప్పినా ఆ చక్రం మాట వినదు.

మా ఇంటి కారుకే ఇది జరిగింది కాబట్టి చెబుతున్నాను. చౌరస్తాలో మెల్లగా, ఇరవై స్పీడ్ కూడా లేదేమో, తిప్పుతుంటే ఎడమ చక్రం ఒరిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అల్హమ్దులిల్లాహ్. చుట్టూ జనం పోగై "టైరు ఊడింది" అన్నారు. టైరు ఊడలేదు, కీలు ఊడింది. అంతకు రెండు రోజుల ముందే అదే కారులో ఏడుగురం హైదరాబాద్ పోయి వచ్చాం. హైవే మీద తొంభైలో, వందలో నడిపింది కూడా గుర్తుంది. చప్పుడు గురించి ముందే ఒక గ్యారేజీలో అడిగితే "షాకప్ సౌండ్, ఏం గాదు, నడ్వనీ" అన్నారు. ఆ మాటే నమ్మాం. నమ్మడం సులువు కూడా, ఎందుకంటే షాకప్ సౌండ్ అంటే ఖర్చు వాయిదా వేసుకోవచ్చు.

ఇలాంటివి తరచూ మలుపు తిప్పేటప్పుడు, రివర్స్ తీసేటప్పుడు, బ్రేక్ వేసినప్పుడు, ఇంటి ముందు మెట్టు దించేటప్పుడు తెగుతాయి. అప్పుడు కీలు మీద పక్కనుంచి ఒత్తిడి పడుతుంది కాబట్టి. అందుకే చాలామంది బతికి బయటపడి "చిన్న రిపేరే" అనుకుంటారు. అదే కీలు రహదారి మీద తెగితే చెప్పడానికి ఎవరూ మిగలకపోవచ్చు.

మన దగ్గరే ఎందుకు ఎక్కువ అరుగుతాయి

ఆర్మూర్ రెండు జాతీయ రహదారులు కలిసే ఊరు. ఇటు 44, అటు నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు పోయే 63. హైవే బాగుంది, అందులో అనుమానం లేదు. కానీ మన కారు రోజూ తిరిగేది ఊరి గల్లీల్లో, లెక్కలేనన్ని స్పీడ్ బ్రేకర్ల మీద, చేన్ల దగ్గరి నల్లరేగడి బాటల మీద. వారమంతా అక్కడ కీళ్లు అరగదీసి, శుక్రవారం నమాజ్ అయ్యాక అదే బండిని హైవే ఎక్కించి వందలో తోలుతాం. అరిగేది ఒక దగ్గర, తెగేది ఇంకో దగ్గర.

జనవరి నుంచి పసుపు సీజన్. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టించడం, నిజామాబాద్ యార్డుకు చేర్చడం. పెద్ద లోడు ట్రాక్టర్ల మీద, డీసీఎంల మీద పోతుంది, నిజమే. కానీ శాంపిల్ సంచులు, కాడి, గోళ వేరు చేసిన రెండు మూడు బస్తాలు, కూలీల భోజనం గిన్నెలు, డీజిల్ డబ్బాలు పాత ఓమ్నీలోనో, సుమోలోనో, వెనక సీటు మడిచిన చిన్న కారులోనో పోతాయి. నిజామాబాద్‌లో 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది, ధర గురించి, ఎగుమతి గురించి మంచి చర్చ నడుస్తోంది. పసుపు మోసే బళ్ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అది బోర్డు పని కాదనుకోండి.

ఇంకో కారణం మనకే ప్రత్యేకం. కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. కారు పదకొండు నెలలు ఇంటి ముందు కవరు కప్పుకుని ఎండలో నిలబడి ఉంటుంది. నడవని బండి చెడిపోదని మనకొక నమ్మకం. నిజానికి నిలబడ్డ బండికి రబ్బరు ఎండి పగులుతుంది. బాల్ జాయింట్ టోపీలు, బుష్‌లు, బ్రేక్ పైపులు అన్నీ రబ్బరే. అబ్బాయి సెలవు మీద దిగగానే ఆ కారు మీద నలభై రోజుల పని ఒక్కసారిగా పడుతుంది. షాదీలు, వలీమాలు, బడాపహాడ్ దర్గా, హైదరాబాద్ ఆస్పత్రి, చివరగా మళ్లీ ఎయిర్‌పోర్ట్. ఐదుగురి కారులో ఎనిమిది మంది. ఈ రెండు మూడేళ్లు రమజాన్ కూడా పసుపు సీజన్‌లోనే పడుతోంది. అంటే ఇంటికి వచ్చేవాళ్లు, చేనుకు పోయేవాళ్లు, మార్కెట్‌కు పోయేవాళ్లు అందరూ అదే రెండు నెలల్లో అదే కారు మీద ఆధారపడతారు.

ఫహస్ తెలిసినవాళ్లం మనం

చిత్రమేమిటంటే ఈ విషయం మన జనానికి తెలియనిది కాదు. సౌదీలో డ్రైవర్‌గా చేసిన వాళ్లను అడగండి, ఫహస్ అంటే ఏమిటో చెబుతారు. కొత్త సొంత కారుకు మూడేళ్లు మినహాయింపు, తర్వాత ఏటా తనిఖీ. ఫహస్ పాస్ కాకపోతే ఇస్తిమారా రెన్యువల్ కాదు. దుబాయ్‌లో దాన్నే మనోళ్లు "పాసింగ్" అంటారు. అక్కడా మూడేళ్ల తర్వాత ఏటా చేయించాల్సిందే. కారును లేన్‌లోకి తీసుకుపోతారు, బ్రేకులు చూస్తారు, కింద గోతిలోంచి ముందు కీళ్లు చూస్తారు, ఆట ఉంటే ఫెయిల్ కాగితం చేతిలో పెడతారు. బతిమాలితే కుదరదు. రిపేర్ చేయించి మళ్లీ రావాలి. బ్రిటన్‌లో కూడా మూడేళ్లు నిండిన కారుకు ఏటా పరీక్ష ఉంటుంది.

రియాద్‌లో కఫీల్ కారును ఏటా ఫహస్‌కు తీసుకుపోయే అబ్బాయి, ఆర్మూర్‌లో తన అబ్బా తిరిగే కారును ఒక్కసారి కూడా జాకీ ఎత్తి చూడడు. తప్పు అబ్బాయిది కాదు. అక్కడ అడిగేవాడు ఉన్నాడు, ఇక్కడ లేడు. అంతే తేడా.

మన దగ్గర చట్టం అసలు లేదా అంటే, ఉంది. ఆటోమేటిక్ టెస్టింగ్ స్టేషన్ల కోసం కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. చక్రాల కింద ఇనుప పలకలు అటూ ఇటూ కదులుతుంటే, కింద నుంచి కీళ్లలో ఆట ఎంతుందో చూసే యంత్రం వాటిలో ఒకటి. మనిషి కంటికి అందనిది, మొహమాటానికి లొంగనిది ఆ యంత్రం. కానీ సొంత కారు ఆ పలకల మీదికి ఎక్కాలంటే ముందు 15 ఏళ్లు నిండాలి.

కంపెనీలే పిలిచి సరిచేయవచ్చు కదా అనే ప్రశ్న కూడా వస్తుంది. పిలిచిన సందర్భాలు ఉన్నాయి. 2005లో అమెరికాలో టయోటా తన టకోమా, టండ్రా, సీకోయా, ఫోర్‌రన్నర్ బళ్లు ఏడున్నర లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. కారణం ముందు సస్పెన్షన్ బాల్ జాయింట్లే. తయారీలో బంతి మీద పడిన గీతల వల్ల త్వరగా అరిగి ఊడే అవకాశం ఉందని తేలింది. 2007లో మళ్లీ 5,33,000 టండ్రా, సీకోయాలు పిలిచారు. ప్రపంచంలోనే గట్టి బళ్లు చేస్తుందని పేరున్న కంపెనీకే ఈ చిన్న బంతి విషయంలో రెండుసార్లు తిప్పలు తప్పలేదు. మన దేశంలో 2021 ఏప్రిల్ నుంచి రీకాల్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అవి వర్తించేది ఏడేళ్ల లోపు బళ్లకే. ఏపీ 25 కారును వెనక్కి పిలిచేవాడు ఎవడూ లేడు.

ప్రమాదం జరిగాక ఎవరి మెడకు చుట్టుకుంటుంది

ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి.

మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షన్ ఉంది. బండిలో ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసి నడిపినా, మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసేదాన్ని చూసుకోకుండా నడిపినా నేరమే. 2019 సవరణ తర్వాత జరిమానా 1,500 దాకా. ఆ లోపం వల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. "మాకు తెల్వదు" అనే మాటకు ఇక్కడ విలువ తక్కువ. చప్పుడు నెలల తరబడి వినపడుతుంటే తెలియలేదని ఎలా అంటాం? ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద నిర్లక్ష్యం కేసు. ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఎఫ్‌ఐఆర్‌లో సాధారణంగా రాసేది "అతివేగం, అజాగ్రత్త" అనే. తర్వాత వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని చూసి రిపోర్టు ఇస్తారు. నుజ్జునుజ్జయిన ముందు భాగంలో ఆ కీలు ప్రమాదానికి ముందు తెగిందా, గుద్దుకున్నాక తెగిందా అని తేల్చడం తేలిక పని కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. లెక్కల్లో అధిక భాగం అతివేగం ఖాతాలో ఉంది. అందులో ఎన్ని కీళ్లు, ఎన్ని బ్రేకులు, ఎన్ని టైర్లు దాక్కున్నాయో ఆ లెక్క చెప్పదు.

ఇక ఇన్సూరెన్స్. పాత కారుకు మనం చేయించేది థర్డ్ పార్టీ పాలసీ. చౌక, చలాన్ పడదు. అది ఎవరి కోసం? రోడ్డు మీద మన కారు గుద్దిన అవతలి మనిషి కోసం. మన కారులో కూర్చున్న అమ్మీ, చెల్లెలు, పిల్లలు ఆ పాలసీలో లేరు. దీన్నే యాక్ట్ పాలసీ అంటారు. ప్యాకేజీ పాలసీ అయితే కారులో ఉన్నవాళ్లు కూడా దాని కిందికి వస్తారని, యాక్ట్ పాలసీకి ఆ బాధ్యత ఉండదని 2012లో నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తేడా చూపింది. అంటే కీలు తెగి కారు డివైడర్‌ను గుద్దితే, ఎదురుగా ఇంకో బండి లేకపోతే, లోపల గాయపడిన ఏడుగురి ఆస్పత్రి ఖర్చు ఇంటి మీదే.

"ఓనర్‌కు 15 లక్షల యాక్సిడెంట్ కవర్ ఉంది కదా" అంటారు. ఉంది. కానీ అది ఆర్‌సీలో పేరున్న, లైసెన్స్ ఉన్న ఓనర్‌కే. మన ఇళ్లలో కారు ఎవరి పేరు మీద ఉంటుంది? దమ్మామ్‌లో ఉన్న పెద్ద కొడుకు పేరు మీద. నడిపేది ఎవరు? చిన్న తమ్ముడు. ఆ 15 లక్షలు తమ్ముడికి రావు. ఇంకా కొన్ని ఇళ్లలో ఆర్‌సీ ఇప్పటికీ అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది. బదిలీకి చట్టం గడువు పెట్టినా "చేద్దాంలే" అని ఏళ్లు గడుస్తాయి. ఇక వైట్ ప్లేట్ కారును కిరాయికి తిప్పుతూ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట వెతికేది ఆ కిరాయి రుజువే. ప్యాకేజీ పాలసీ ఉన్నవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి. అరుగుదలకు, దానంతట అదే చెడిపోయిన భాగానికి ఆ పాలసీ డబ్బు ఇవ్వదు. బండిని మంచి స్థితిలో ఉంచుకోవాలన్నది పాలసీలో రాసి ఉన్న షరతే.

జాకీ ఎత్తి చూస్తే పది నిమిషాలు

కారు కీలు చూడటం పెద్ద విద్య కాదు. చక్రం నేల నుంచి లేవాలి. స్విఫ్ట్, ఆల్టో, శాంత్రో లాంటి చిన్న కార్లకు ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం వేలాడేలా చేయాలి. ఇన్నోవా లాంటి వాటిలో స్ప్రింగ్ కింది ఆర్మ్ మీదే కూర్చుంటుంది కాబట్టి జాకీ ఆ ఆర్మ్ కిందే పెట్టాలి, లేకపోతే స్ప్రింగ్ బిగువుకు ఆట బయటపడదు. ఈ తేడా తెలియక "చూసినం, మంచిగుంది" అనేవాళ్లు ఉన్నారు. తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక ఉంటే, ఒకరిని బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపాలి. బ్రేక్ తొక్కగానే ఆట ఆగిపోతే అది వీల్ బేరింగ్. ఆగకపోతే బాల్ జాయింట్ మీద అనుమానం. అటూ ఇటూ, అంటే కుడి ఎడమలు పట్టుకుని ఊపితే టైరాడ్ ఎండ్ సంగతి తెలుస్తుంది. ఆర్మ్‌కు, నకుల్‌కు మధ్య రాడ్ పెట్టి లేపి చూస్తే బంతి గిన్నెలో ఎగరడం కంటికే కనబడుతుంది. రబ్బరు టోపీ చిరిగి ఉంటే ఆట లేకపోయినా మార్చేయడమే మంచిది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టొద్దు, స్టాండ్ పెట్టండి.

చక్రం దాకా పోకుండానే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. మెల్లగా స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్ మనడం, స్టీరింగ్ వదులుగా అటూ ఇటూ పోవడం, ముందు టైరు ఒక అంచునే గీసినట్టు అరగడం. అలైన్‌మెంట్ చేయించిన నెలకే మళ్లీ బండి పక్కకు లాగుతుంటే మళ్లీ అలైన్‌మెంట్‌కు పోకండి, కీలు చూపించండి. వదులు కీలు మీద అలైన్‌మెంట్ నిలవదు.

ఖర్చు విషయానికి వస్తే, చాలా చిన్న కార్లకు బాల్ జాయింట్ ఒక్కటి వందల రూపాయల్లోనే దొరుకుతుంది. కొన్ని మోడళ్లలో లోయర్ ఆర్మ్ మొత్తం మార్చాలి, అప్పుడు వేలల్లోకి పోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ ఒకే రేటు, 18 శాతం. అంతకు ముందు వీటిలో చాలావాటి మీద 28 ఉండేది. టీవీల్లో కొత్త కార్ల ధర తగ్గిందని హోరెత్తించారు. పాత కారు ఉన్నవాడికి పనికొచ్చిన ఈ తగ్గింపు గురించి ఎవరూ చెప్పలేదు. బిల్లు మీద 18 ఉందో లేదో చూసుకోండి. బిల్లే ఇవ్వకపోతే ఆ సరుకు ఎక్కడిదో అడగండి.

ఇప్పుడు మన మెకానిక్ భాయ్‌లకు ఒక మాట. తెలంగాణ ఊళ్లలో గ్యారేజీలు నడిపేవాళ్లలో మన పిల్లలు ఎంతోమంది. చదువు మధ్యలో మానేసి పదేళ్లకే పానా పట్టి, చేతి నైపుణ్యంతో ఇల్లు నిలబెట్టినవాళ్లు. వాళ్ల మీద గౌరవంతోనే ఇది అంటున్నాను. వదులైన బాల్ జాయింట్ గిన్నెను సుత్తితో కొట్టి బిగించడం, వెల్డింగ్ పెట్టడం కొన్ని చోట్ల ఇంకా జరుగుతోంది. కస్టమర్ పేదవాడని జాలితోనే చేస్తారు చాలాసార్లు. కొట్టిన రోజు చప్పుడు పోతుంది, అది నిజం. కానీ వెల్డింగ్ వేడికి లోపలి గ్రీజు, ప్లాస్టిక్ గిన్నె కాలిపోతాయి, ఉక్కు గుణం మారుతుంది. చప్పుడు అనేది ఆ బండి ఇచ్చే ఒకే ఒక్క హెచ్చరిక. దాన్ని కూడా నోరు మూయించినట్టు అవుతుంది. కస్టమర్ దగ్గర డబ్బు లేకపోతే "ఈ బండి హైవే ఎక్కొద్దు" అని ముఖం మీద చెప్పడం ఎక్కువ మేలు. అలా చెప్పి ఒక కస్టమర్‌ను పోగొట్టుకున్న మెకానిక్ నాకు తెలుసు. ఇప్పుడు మా బండి ఆయన దగ్గరికే పోతుంది.

రవాణా శాఖను అడగాల్సింది కూడా ఉంది. పదేళ్లు దాటిన సొంత కార్లకు కనీసం రెండేళ్లకోసారి బ్రేకులు, స్టీరింగ్, ముందు కీళ్లు, టైర్లు, ఈ నాలుగే చూసే చిన్న తనిఖీ పెట్టొచ్చు. పొగ పరీక్ష కోసం పెట్రోల్ బంకుల దగ్గర ఆగడం మనం నేర్చుకున్నాం కదా, ఇదీ నేర్చుకుంటాం. 20 ఏళ్ల బండికి పదివేలు తీసుకుంటున్నప్పుడు, ఆ డబ్బుకు బదులుగా ఏ భాగం బాగుంది, ఏది మార్చాలి అని రాసిన ఒక కాగితం ఇవ్వాలి. పేదవాడి బండిని తుక్కు చేయమనడం కంటే, దాని కీలు మార్చమని చెప్పడం చౌకైన పని. రెండు జాతీయ రహదారులు కలిసే ఆర్మూర్‌లో, పసుపు సీజన్ మొదలయ్యే ముందు, రమజాన్‌కు ముందు రెండు రోజుల ఉచిత తనిఖీ శిబిరం పెట్టడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. ఒక ఇన్‌స్పెక్టర్, నలుగురు మెకానిక్‌లు, రెండు జాకీలు చాలు. కౌన్సిలర్లను, ఎమ్మెల్యేను అడగడానికి ఇది సిమెంటు రోడ్డు అంత ఖరీదైన కోరిక కాదు.

అప్పటిదాకా ఎవరి బండి వాళ్లే చూపించుకోవాలి. ఒక వైపు మారిస్తే రెండో వైపు కూడా చూడమనండి, రెండూ ఒకే రోడ్డు మీద అరిగినవే. మార్చాక అలైన్‌మెంట్ చేయించండి. తీసిన పాత జాయింట్‌ను చేతిలోకి తీసుకుని బంతిని వేలితో కదిపి చూడండి. ఇంకోటి, నట్టుకు పెట్టే కాటర్ పిన్ కొత్తది వేశారో లేదో అడగండి. పాతదాన్నే సాగదీసి మళ్లీ వంచి పెట్టడం మన దగ్గర మామూలు. కొత్తది ఖరీదు టీ డబ్బులంత కూడా ఉండదు.